తొలి జుబ్బా దాచుకునే తీరు



పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయి చదువులకో ఉద్యోగాలకో వెళ్ళిపోయాక కూడా చాలా ఇళ్ళలో వాళ్ళ చిన్ననాటి బట్టలు నాలుగైదు మిగిలి ఉంటాయి. పురిట్లో తొడిగిన తాళ్ళ జుబ్బా, బారసాలనాటి పట్టు లంగా, అమ్మమ్మ అల్లిన ఊలు టోపీ, బొటనవేలంత మేజోళ్ళు. బీరువా పై అరలోనో, అటక మీది ట్రంకు పెట్టెలోనో ఒక మూటగా ఉంటాయి. వాటిని పారేయడానికి ఎవరికీ చేతులు రావు. అలాగని తీసి చూసేవాళ్ళూ ఉండరు. ఏ ఇరవయ్యేళ్ళకో, ఇంట్లో మనవడో మనవరాలో పుట్టబోతున్నారన్నప్పుడు ఆ మూట విప్పుతారు. విప్పేసరికి తెల్లటి జుబ్బా మెడ దగ్గర తేనెరంగు మరకలు తేలి ఉంటాయి. టోపీకి కన్నాలు పడి ఉంటాయి. పట్టు లంగా మడత విప్పబోతే మడత వెంబడే చీలుతుంది. "ఎంతో భద్రంగా దాచానే!" అంటుంది ఆ తల్లి.

ఆమె మాట నిజమే. కానీ పసిపిల్లల బట్టలు తొడిగినందువల్ల పాడవడం తక్కువ. నెలల పిల్ల ఒక చొక్కా ఎన్నాళ్ళు తొడుక్కుంటుంది కనక! అవి పాడయ్యేది చాలావరకు మనం దాచిన తీరువల్లే. ప్రేమతో, భద్రం కోసం చేసిన పనులే బట్టను తినేస్తాయి. అందుకని ఈ పది పన్నెండు నిమిషాలూ ఆ పనుల గురించే మాట్లాడుకుందాం.

మొదట ఆ తేనెరంగు మరక సంగతి. జుబ్బా దాచిననాడు అది లేదు. ఉతికి, ఆరేసి, తెల్లగా మెరుస్తుంటేనే దాచారు. మరి ఎక్కడినుంచి వచ్చింది? పాలు కక్కినప్పుడు ఆ పాలలోని మాంసకృత్తులూ కొవ్వూ నూలు పోగుల మధ్యకి దిగుతాయి. మామూలు ఉతుకులో అవి పూర్తిగా పోవు, కానీ కంటికి కనిపించవు. ఏళ్ళు గడిచేకొద్దీ గాలి తగిలి అవి పసుపుపచ్చగా, ఆ తరవాత గోధుమరంగుగా మారతాయి. బిడ్డ ఒంటికి రాసిన ఆముదం, నువ్వులనూనె కూడా ఇలాగే దాక్కుని తరవాత బయటపడతాయి. కాబట్టి దాచేముందు ఉతికే ఉతుకు, రోజూ ఉతికే ఉతుకు ఒకటి కావు.

నూలు బట్టయితే ముందు చన్నీళ్ళలో నానబెట్టాలి. చాలామంది మరక బాగా పోతుందని మొదటే వేడినీళ్ళలో వేస్తారు. పాలమరక, నెత్తుటిమరక వేడికి ఉడికి పోగుకి అతుక్కుపోతాయి. చన్నీళ్ళలో నాని వదిలాక గోరువెచ్చని నీళ్ళూ, ఎంజైములున్న డిటర్జెంటూ వాడవచ్చు. ఆ ఎంజైములు మాంసకృత్తులను ముక్కలు చేస్తాయి, అందుకే పాలమరకల మీద అవి బాగా పనిచేస్తాయి. సరిగ్గా అందుకే వాటిని పట్టు మీదా ఉన్ని మీదా వాడకూడదు. పట్టూ ఉన్నీ కూడా మాంసకృత్తులే. మరకను తినే ఎంజైము బట్టను కూడా కొరుకుతుంది. క్లోరిన్ బ్లీచింగు సంగతి ఇంకా ఘోరం, అందులో పట్టు కరిగిపోతుంది. పట్టుకి మన పెద్దవాళ్ళు వాడిన కుంకుడుకాయ పులుసు మెత్తనిది, మంచిది. తెల్ల పట్టుకి మాత్రం దాని రంగు కొద్దిగా పట్టవచ్చు, బాగా జాడించాలి. గద్వాల చీరలోంచి కుట్టిన లంగా ఉందనుకోండి, దాని ఒళ్ళు నూలు, అంచు పట్టు. అలాంటివాటికి పట్టు మర్యాదే చెయ్యాలి.

జాడించే నీళ్ళ గురించి ఎవరూ పట్టించుకోరు. మన ఊళ్ళలో చాలాచోట్ల బోరునీళ్ళకు కాఠిన్యం ఎక్కువ. వాటిలోని సున్నం సబ్బుతో కలిసి తెట్టులా పోగులకు పట్టుకుంటుంది. ఇనుము ఎక్కువున్న నీళ్ళయితే తుప్పుచుక్కలు కూడా పడతాయి. ఉతుకంతా ఆ నీళ్ళతోనే కానివ్వండి, చివరి జాడింపు మాత్రం ఇంట్లో తాగే ఫిల్టరు నీళ్ళతోనో, పట్టిన వాననీళ్ళతోనో చెయ్యండి. నెలల పిల్ల జుబ్బాకి అర బకెట్టు చాలు. పిండకుండా తెల్లటి తువ్వాలు మధ్య వేసి అద్ది, నీడలో పరిచి ఆరబెట్టండి.

గంజి వద్దు. ఇస్త్రీకి నిలబడుతుందనీ, చూడ్డానికి ముచ్చటగా ఉంటుందనీ గంజిపెట్టి దాచేవాళ్ళున్నారు. పాత పుస్తకాల్లో తిరిగే ఆ వెండిరంగు పురుగుకి గంజి పెట్టిన బట్ట విందుభోజనమే. నీలిమందు కూడా వద్దు.

మరి కొత్తబట్ట అంచున పెట్టిన పసుపు సంగతేమిటి? మనం పిల్లలకు కొత్తబట్ట తొడిగేముందు ఒక మూల పసుపు రాస్తాం. బారసాలనాటి గౌను మీద ఆ వేలిముద్ర ఇంకా ఉంటుంది. దిష్టిచుక్క చెరిగి భుజం మీద అంటిన కాటుక మరక ఉంటుంది. వీటిని పోగొట్టాలా? వద్దు అంటాను నేను. పాలూ నూనే బట్టను కాలక్రమాన పాడుచేస్తాయి కాబట్టి తియ్యాలి. పసుపు ముద్ర బట్టకు చేసే కీడు దాదాపు ఏమీ లేదు, అది ఆ రోజు ఆ బట్టను ఎవరో చేత్తో ముట్టుకున్నారనడానికి సాక్ష్యం. మ్యూజియాల్లో బట్టల సంరక్షణ చేసేవాళ్ళు కూడా ఈ తేడా చూస్తారు, మురికి వేరు, వాడిన ఆనవాలు వేరు. అయితే పసుపుకి ఇద్దరు శత్రువులున్నారు, ఎండా, సబ్బూ. ఎండకు వెలిసిపోతుంది. సబ్బులోని క్షారానికి ఎర్రబడుతుంది. పసుపు ముద్ర నిలవాలంటే ఆ మూలను సబ్బునీళ్ళలో ముంచకుండా పైకి పట్టుకుని మిగతా బట్టను ఉతకండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట చెబుతాను. దయచేసి పనులు ఆపి వినండి. కలరా ఉండలు. నాఫ్తలీన్ ఉండలని కూడా అంటాం. పసిపిల్లల బట్టల మధ్య వాటిని వెయ్యకండి.

ఇది బట్టకు సంబంధించిన విషయం కాదు, బిడ్డ ప్రాణానికి సంబంధించినది. మన ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము ఒకటుంది, డాక్టర్లు దాన్ని జీ-6-పీ-డీ అంటారు. కొందరు పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, అది పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. మన దేశంలోనూ ఈ లోపం ఉంది. అలాంటి బిడ్డకు నాఫ్తలీన్ ఆవిరి సోకితే రక్తకణాలు చితికిపోతాయి. బిడ్డ పాలిపోతుంది, కామెర్లు ముదురుతాయి, ఆ కామెర్లు మెదడుకు ఎక్కితే కోలుకోలేని హాని జరుగుతుంది. గ్రీసు దేశపు వైద్యులు 1963లోనే ఇలాంటి శిశువుల గురించి రాశారు. ఆ పిల్లల్లో కొందరికి ఎంజైము లోపం ఉంది, కొందరికి లేదు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది నాఫ్తలీన్ ఒకటే. పెట్టెలో ఏళ్ళతరబడి ఉండలు వేసి దాచిన దుప్పట్లు, బట్టలు తీసి ఉతక్కుండానే పసిగుడ్డు మీద కప్పడం వల్ల వచ్చిన ప్రమాదాలు వైద్యశాస్త్రంలో నమోదై ఉన్నాయి. ఇంకొక మాట. నాఫ్తలీన్ నూనెలో కరుగుతుంది. నూనె రాసిన ఒంటికి ఆ బట్ట తొడిగితే అది చర్మంలోంచి ఇంకా సులువుగా లోపలికి పోతుంది. మన పిల్లలకు నూనె రాయకుండా స్నానం చేయించే ఇల్లు ఎన్ని ఉంటాయి చెప్పండి!

కాబట్టి అమ్మమ్మ పెట్టెలోంచి తీసిన బట్టకి కలరా ఉండల వాసన వస్తుంటే, అది ఎంత ముద్దుగా ఉన్నా పసిబిడ్డకు తొడగకండి. ఒకసారి ఉతికినంత మాత్రాన నాఫ్తలీన్ పోయిందని అనుకోవద్దు. గాలికి రోజులతరబడి ఆరేసి, మళ్ళీ మళ్ళీ ఉతికి, వాసన పూర్తిగా పోయిందని తేలితే ఫొటో కోసం తీసి ఎదురుగా పెట్టుకోండి. అంతకంటే దగ్గరికి వద్దు. ఒకవేళ ఇప్పటికే తొడిగి ఉంటే, బిడ్డ పచ్చబడ్డా, నీరసంగా ఉండి పాలు తాగకపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, కలరా ఉండలు వేసిన బట్ట తొడిగామని నోరు విప్పి చెప్పండి. ఆ ఒక్క మాట వైద్యానికి దారి చూపిస్తుంది. ఉండలకు బదులు కర్పూరం వేద్దామా అంటారు. పసిపిల్లలకు కర్పూరమూ మంచిది కాదు.

మరి పురుగుల మాటేమిటి? పురుగు అన్ని బట్టలనూ తినదు. చిమ్మెట పురుగు తినేది ఉన్నిని, చెమటో పాలో అంటి మురికిగా ఉన్న పట్టును. శుభ్రంగా ఉతికిన నూలు జుబ్బా జోలికి అది మామూలుగా రాదు. ఇంకో సంగతి, బజారులో మనం ఊలు అని కొనేదాంట్లో చాలాభాగం అసలు ఉన్ని కాదు, ఆక్రిలిక్ దారం. దాన్ని పురుగు తినదు. తేడా తెలుసుకోవాలంటే లోపలి కుట్టులోంచి చిన్న పోగు తీసి వెలిగించి చూడండి. వెంట్రుకలు కాలిన కంపు వచ్చి, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతే అది ఉన్నో పట్టో. కరిగి గట్టి పూసలా ముద్దకడితే ఆక్రిలిక్కో పాలియెస్టరో.

అసలు ఉన్ని అని తేలితే, అందులో పురుగు ఉందని అనుమానముంటే, మందు అక్కర్లేదు, ఫ్రిజ్ చాలు. పొడిగా ఉన్న బట్టను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి నొక్కేసి, మూతి గట్టిగా బిగించి, డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. ఫ్రీజరు చలి సున్నాకి 18 డిగ్రీలు దిగువన ఉండాలి. తీశాక ఒకరోజు పాటు సంచి విప్పకండి, విప్పితే చల్లని బట్ట మీద చెమ్మ పడుతుంది. మ్యూజియాలవాళ్ళు కూడా పురుగుని ఇలాగే చంపుతారు. ఎండిన వేపాకు, వట్టివేరు పెట్టుకోవాలనిపిస్తే పెట్టండి, వాసన బాగుంటుంది. అయితే ఆకు గలగలలాడేంతగా ఎండాలి, చిన్న గుడ్డసంచిలో కట్టాలి, బట్టకు తగలకూడదు. సగం ఎండిన ఆకు మరక వేస్తుంది.

పురుగు కంటే మనకు, అందులోనూ కోస్తాలో ఉండేవారికి, పెద్ద బెడద చెమ్మ. గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే నిలబడితే బూజు పడుతుంది. కాకినాడలోనూ మచిలీపట్నంలోనూ ఏడాదిలో చాలా నెలలు అంతకంటే ఎక్కువే ఉంటుంది. అలాంటిచోట బట్టను ప్లాస్టిక్ కవరులో మూటకట్టి గాలి ఆడకుండా బిగిస్తే, లోపలున్న కాస్త తేమా లోపలే మగ్గుతుంది. దుకాణంలో గౌనుతోపాటు ఇచ్చిన ఆ తళతళలాడే కవరుని అంతటితో వదిలెయ్యండి. బీరువాని స్నానాలగది గోడకి ఆనించకండి, బట్టలను అడుగు అరలో పెట్టకండి. అటక అసలు వద్దు. వేసవిలో స్లాబు కింద అటక ఎంత వేడెక్కుతుందో చెయ్యి పెట్టి చూడండి. ట్రంకు పెట్టెలయితే తుప్పు పడతాయి. రంగువేసిన మన మామూలు ఇనుప బీరువా, మధ్య అర, ఈ పనికి నిజంగా మంచి చోటు. చెక్క బీరువాలోని చెక్కనుంచి పుల్లటి ఆవిరి సన్నగా వస్తూనే ఉంటుంది, అది నూలుని పచ్చబరుస్తుంది. చెక్కకి బట్ట నేరుగా తగలకుండా చూడాలి.

దేనిలో చుట్టాలి? ఆమ్లం లేని టిష్యూ కాగితం దొరికితే మంచిదే. దొరక్కపోతే తాతగారి పాత తెల్లపంచె ఉంది కదా, ఎన్నోసార్లు ఉతికి మెత్తబడ్డది. గంజి లేకుండా ఇంకొక్కసారి ఉతికి, ముక్కలు చేసుకోండి. దానికంటే నమ్మకమైన చుట్టుగుడ్డ నాకు తెలీదు. వార్తాపత్రిక వద్దు, దాని కాగితమూ సిరా రెండూ చెడుపే. ఎర్రగుడ్డలో మూటకట్టే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. చెమ్మ తగిలితే ఆ ఎరుపు దిగి తెల్లబట్ట పాడవుతుంది.

చుట్టేముందు లోహం తియ్యండి. పిన్నీసులు, గుండుసూదులు, తుప్పుపట్టే హుక్కులు. టిచ్ బటన్లు తియ్యడం ఇష్టం లేకపోతే మధ్యలో చిన్న గుడ్డముక్క పెట్టండి. నడుముకున్న ఎలాస్టిక్కులోని రబ్బరు కొన్నేళ్ళకి జిగురుగా మారి కారుతుంది. కుట్టు విప్పి ఎలాస్టిక్కు లాగేయండి. తరవాత ఎప్పుడైనా కొత్తది ఎక్కించుకోవచ్చు.

జరీ ఉన్న పట్టు లంగా విషయంలో ఇంకొంచెం ఓపిక కావాలి. అసలు జరీలో వెండి ఉంటుంది. గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. ఉన్నిలో గంధకం ఉంది, రబ్బరులో ఉంది. అందుకే ఊలు స్వెట్టరూ జరీ లంగా ఒకే మూటలో ఉండకూడదు. సెంటు చల్లకూడదు. మడత పడ్డచోట జరీ విరుగుతుంది, పట్టు చీలుతుంది. మడతలోపల పంచెగుడ్డను వేలిలావు చుట్టలా చుట్టి పెడితే మడత గుండ్రంగా ఉంటుంది, పదునుగా విరగదు. ఏడాదికోసారి తీసి మడత వేరేచోట వెయ్యాలి. దానికి మనకు మంచి కాలం సంక్రాంతి వెళ్ళినప్పటినుంచి శివరాత్రి దాకా. వానలుండవు, గాలి పొడిగా ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. నీడలో ఒక పూట పరచండి. పట్టుని ఎండలో వేయకండి, నూలు, ఉన్ని కంటే ఎండకు తొందరగా చచ్చేది పట్టే.

వెలుతురు ఎంత చెడుపో, చీకటి ఎంత మేలో చెప్పే ఒక సంగతి లండనులో ఉంది. 18వ శతాబ్దంలో అక్కడ ఫౌండ్లింగ్ హాస్పిటల్ అని ఒక అనాథ శిశుశరణాలయం ఉండేది. పెంచలేని తల్లులు 1741 నుంచి బిడ్డలను తెచ్చి అక్కడ అప్పగించేవారు. తల్లి పేరు రాసుకునేవారు కాదు. బిడ్డ ఒంటిమీది బట్టలోంచో, తల్లి తెచ్చినదానిలోంచో ఒక గుడ్డముక్క కత్తిరించి, బిడ్డ చేరిన తేదీ, నంబరు ఉన్న కాగితానికి గుండుసూదితో గుచ్చేవారు. ఎప్పుడైనా ఆ తల్లి తిరిగొస్తే ఆ ముక్కే గుర్తు. ఆ కాగితాలన్నీ పుస్తకాలుగా కుట్టారు. 1741 నుంచి 1760 దాకా చేరినవారివే సుమారు 5,000 గుడ్డముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. పువ్వుల చీటిగుడ్డలు, చారల నూలు, రిబ్బన్లు, మామూలు పేదవాళ్ళు కట్టిన బట్టలు. 2010లో అక్కడి మ్యూజియంలో వాటిని ప్రదర్శనకు పెట్టారు. రాజుల పట్టుబట్టలు అద్దాల బీరువాల్లో వెలిసిపోతుంటే, ఈ ముతక ముక్కలు మూసిన పుస్తకాల చీకట్లో రంగు పోకుండా నిలిచాయి.

ఆ ఇరవయ్యేళ్ళలో చేరిన 16,282 మంది పిల్లల్లో తిరిగి తల్లిదండ్రులను చేరినవాళ్ళు 152 మందే. 1767 ఫిబ్రవరిలో చేరిన ఒక మగబిడ్డ కాగితానికి అతుకుల గుడ్డ ఒకటి ఉంది, దానిమీద కుట్టిన హృదయం బొమ్మ సగానికి కోసి ఉంది. 1775లో తల్లి రెండో సగంతో వచ్చి కొడుకుని తీసుకెళ్ళింది. అదే గుడ్డముక్క పక్కన నంబరూ తేదీ లేకుండా ఒక డబ్బాలో పడి ఉంటే ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?

మన ఇళ్ళలోని మూటల్లో లేనిది ఆ కాగితమే. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఇది పెద్దాడిదా చిన్నదానిదా అని అమ్మే తడబడుతుంది. అమ్మ తరవాత చెప్పేవాళ్ళే ఉండరు. అందుకని తెల్ల నాడా ముక్క మీద మెత్తటి పెన్సిలుతో వివరాలు రాసి, బట్ట లోపలి కుట్టుకి రెండు పోగులతో తగిలించండి. బాల్‌పెన్ను వద్దు, ఆ సిరా పాకుతుంది.

అన్నీ దాచలేం. దాచనక్కర్లేదు కూడా. బిడ్డకి మూడు చాలని నా అభిప్రాయం. పురిటినాటిది ఒకటి, వేడుకనాటిది ఒకటి, చేత్తో కుట్టిందో అల్లిందో ఒకటి. మిగతావి ఇంకా గట్టిగా ఉండగానే ఇంకో పసివాడికి ఇవ్వండి. ఒక ఇంట్లో చక్కగా పెరిగిన బిడ్డ బట్ట అడిగి తెచ్చి పురిట్లో తొడిగే ఆచారం మనకు ఉండనే ఉంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు కొత్తదానికంటే పసిచర్మానికి హాయి.

బిడ్డను పోగొట్టుకున్న ఇళ్ళు కూడా ఉంటాయి. అలాంటి తల్లి ఒక చిన్న చొక్కాను ఉతక్కుండా ఉంచుకుంటుంది, ఆ వాసన కోసం. ఆమెకు ఉతకమని నేను చెప్పను, ఎవరూ చెప్పకండి. ఆ బట్ట మిగతావాటితో కలపకుండా, ఉతికిన పంచెగుడ్డలో చుట్టి విడిగా ఉంచండి. ఉతకనిది కాబట్టి పురుగు రావచ్చు. వస్తే, ఇందాక చెప్పినట్టు రెండు వారాలు ఫ్రీజరులో ఉంచి తీస్తే దాని గండం గడుస్తుంది. ఆమెను అడిగే చెయ్యండి, ఆమె చేతులతోనే చేయించండి.

ఇక నాడా మీద ఏం రాయాలి? బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఊరు. తొడిగిన సందర్భం. కుట్టింది ఎవరు. ఏ చీరలోంచి కుట్టారు, ఆ చీర ఎవరిది, ఎక్కడ కొన్నారు. ఈ చివరి రెండూ ఇంట్లో ఒక్కరికో ఇద్దరికో తెలిసి ఉంటాయి, ఎక్కువమటుకు పెద్దావిడకి. ఆవిడకి ఈవేళే ఫోను చెయ్యండి. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, చోటు చాలకపోతే ఒక కాగితం మీద రాసి మూటలో పెట్టండి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఆ బట్ట విమానమెక్కి వెళ్ళేటట్లయితే, ఆ కాగితం కూడా దానితోపాటే వెళ్ళాలి. అవతల విప్పేది తెలుగు చదవలేని మనవరాలు కావచ్చు, కాబట్టి ఆ పిల్ల చదివే భాషలో కూడా ఒక ప్రతి రాయండి. బట్టను చేతిసంచిలోనే తీసుకెళ్ళమనండి, పెట్టెలు దారిలో తప్పిపోతుంటాయి.